వెస్ట్ స్టాండ్ కింద నల్లధూళి

చచ్చిపోయిన మనిషి ప్యాంటు కాళ్ళ అంచు మడతల్ని ఎవరో కత్తెరతో కోసుకుపోయారు.

1942 నవంబరు. షికాగోలో అరవై మూడో వీధి. పట్టపగలు. నెత్తిమీద వంతెన రైలు దడదడలాడుతూ పోతోంది. స్టేషన్ మెట్ల కింద, ఇనప స్తంభం చాటున, ఎమెట్ రస్క్ అనే కూలీ బోర్లా పడి ఉన్నాడు. పక్కటెముకల మధ్య సన్నటి గాయం. జేబులో పర్సు ఉంది. చేతికి గడియారం ఉంది. ప్యాంటు కాళ్ళు మాత్రం చీలమండల దగ్గర రెండూ ఒకే కొలతలో, చెయ్యి తిరిగినవాడు కత్తిరించినట్టు తెగి ఉన్నాయి.

"దొంగతనం కాదు," అన్నాడు మేజర్ డెస్మండ్ హాలొరన్ ఫొటోని బల్లమీదకి తోస్తూ. "తాగుడు గొడవా కాదు. మనిషిని చంపి మడతలు పట్టుకుపోయే వెధవ ఎవడయ్యా, టాడ్?"

టాడ్ వ్రోనా కూర్చోలేదు. అతను ఎప్పుడూ కూర్చోడు. కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి. సైనిక గూఢచారి శాఖలో అతన్ని మించిన ఏజెంట్ లేడని పేరు. అతనితో ఒకే గదిలో ఉండటం నరకమనీ పేరే. పైగా ఆ వారమే కాఫీకి రేషన్ పెట్టారు.

"మడతల్లో ఏదో ఉండి ఉండాలి సార్. నా ప్యాంటులో అయితే రొట్టెపొడి, సిగరెట్ బూడిద. ఇతనేం పనిచేసేవాడు?"

హాలొరన్ లేచి తలుపు గడియ వేశాడు. బయట ఆ గదికి ఇన్సూరెన్స్ కంపెనీ బోర్డు ఉంది.

"స్టాగ్ ఫీల్డ్‌లో."

"యూనివర్సిటీ ఫుట్‌బాల్ గ్రౌండా? అక్కడ ఆటలు మానేశారుగా!"

"ఆటలు మానేశారు. వెస్ట్ స్టాండ్ కింద స్క్వాష్ కోర్టులో వేరే పని జరుగుతోంది. ఏం పనో నాకూ పూర్తిగా చెప్పలేదు. అది మనకంటే ముందు బెర్లిన్‌లో జరిగితే యుద్ధం మనది కాదని మాత్రం చెప్పారు. రేపట్నుంచి నువ్వక్కడ కూలీవి. పేరు స్టాన్ బోబెక్. పశువుల స్టాక్‌యార్డుల వెనక పేటలో పుట్టినవాడివి, ఆ యాస నీకు నేర్పక్కర్లేదు."

"ఇది ఎవరి పని?"

"ఈ ఊళ్ళో ఒక జర్మన్ ముఠా ఉంది. నాయకుణ్ణి వాళ్ళలో వాళ్ళు 'మావయ్య' అంటారు. మొహం ఎవరూ చూళ్ళేదు, ఫోన్లో గొంతు తప్ప. ఆ ముఠాలో మనకో మనిషి ఉంది. వెరా కెస్ట్లర్. సరస్సు ఒడ్డున హోటల్లో పియానో వాయిస్తుంది. వాళ్ళ కబుర్లు మనకి చెబుతుంది. మన కబుర్లు వాళ్ళకి చెబుతుంది."

"ఇంతకీ ఆవిడ ఎవరి మనిషి సార్?"

"అది తెలిస్తే నాకీ కడుపుమంట ఉండేది కాదు," అన్నాడు హాలొరన్.

*

స్క్వాష్ కోర్టులో అడుగుపెట్టగానే వ్రోనా కాలు జారి వెల్లకిలా పడ్డాడు.

"రావయ్యా కొత్త పెళ్ళికొడుకా!" అంటూ ఒక భారీ మనిషి చెయ్యందించి లేపాడు. అతని పేరు లానీ డ్వోరాక్. పళ్ళూ కళ్ళూ తప్ప ఒళ్ళంతా నలుపు. "ఇక్కడ అందరం మొదట ఇలాగే దణ్ణం పెట్టాం. ఈ ధూళి వెన్నకంటే నున్నన."

గ్రాఫైట్. నల్లటి దిమ్మెల్ని కలపకోత యంత్రాల మీద కోస్తున్నారు, చిత్రిక పడుతున్నారు, మోసుకెళ్ళి వరస మీద వరస పేరుస్తున్నారు. గోడల మీద ధూళి, దీపాల మీద ధూళి, నోట్లో ధూళి. లోపల కుంపటన్నది లేదు. గేటు దగ్గర కాపలావాళ్ళు పాత ఫుట్‌బాల్ జట్టు వదిలేసిన రకూన్ బొచ్చు కోట్లు తొడుక్కుని ఎలుగుబంట్లలా పచార్లు చేస్తున్నారు. ఆ పెద్ద గుట్ట చుట్టూ బూడిదరంగు బెలూన్ గుడ్డ వేలాడుతోంది. గుండ్రంగా కాక, చదరంగా కుట్టిన బెలూన్ అది.

"ఏం చేస్తున్నాం అన్నా మనం?" అడిగాడు వ్రోనా.

"పెన్సిలు. హిట్లర్‌కి ఉత్తరం రాయడానికి ఒకే ఒక్క పెద్ద పెన్సిలు." లానీ దిమ్మెని భుజానికెత్తుకున్నాడు. "అడక్కు తమ్ముడూ. అడిగితే ఆ కళ్ళజోడు సైన్సు డాక్టర్లు నవ్వి ఊరుకుంటారు. ఎమెట్ ఒక్కడే అడిగేవాడు."

"ఎమెట్ ఎవరు?"

లానీ గడ్డంతో గోడవైపు చూపించాడు. గోడవారగా ఒక పెట్టె తిరగేసి ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ నేలమీద కూర్చున్నారు గానీ ఆ పెట్టెమీద మాత్రం ఎవరూ కూర్చోలేదు.

సాసేజ్ రొట్టె నములుతూ వ్రోనా అందరి కాళ్ళకేసీ చూశాడు. ఒక్కరి ప్యాంటుకీ మడతల్లేవు.

"అందరూ ఒకే దర్జీ దగ్గర కుట్టించుకున్నారేంటి?"

"టీల్ దగ్గర. అరవై మూడో వీధిలో," అన్నాడు లానీ. "గుడ్డ ఆదా చెయ్యాలని కొత్త ప్యాంట్లకి మడతలు వద్దన్నారు కదా గవర్నమెంటువాళ్ళు. ఆయన పాతవాటికి కూడా ఊరికే కోసి, ఆ గుడ్డ సైన్యానికి పంపిస్తాడు. పైగా కోటు దులిపి మరీ ఇస్తాడు. మహా దేశభక్తుడు."

"ఎమెట్ వెళ్ళలేదా?"

"వెళ్ళి పోట్లాడి వచ్చాడు. 'నా కోటు మీది మట్టి తెల్లకాగితం మీద దులుపుకుని, పొట్లం కడుతున్నావేంటయ్యా' అని అడిగాడట. ఈ సంగతి మేజరెవరితోనో చెప్పాలన్నాడు. మర్నాడే..."

వ్రోనా రొట్టె పక్కన పెట్టేశాడు. లేచి నిలబడ్డాడు.

*

ఎర్విన్ టీల్ వెండిజుట్టు మనిషి. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. వ్రోనా కోటుని రెండు వేళ్ళతో, పసిపిల్లని ఎత్తుకున్నట్టు అందుకున్నాడు.

"స్టాగ్ ఫీల్డా బాబూ? కష్టమైన పని. నిలబడండి, కదలకండి." టేపు నడుం చుట్టూ తిరిగింది, భుజాల మీదికి పాకింది. "మీ ప్యాంటు మరీ వదులు. మడతలు కోసి, నడుం దగ్గర కూడా సరిచేస్తాను. మీ ఎడమ భుజం కొంచెం దిగి ఉంది సుమా."

"దిమ్మెలు మోస్తాను కదండీ."

"దిమ్మెలు మోసేవాళ్ళ భుజం ఎత్తుగా ఉంటుంది," అన్నాడు టీల్ మెత్తగా. "ఏళ్ళ తరబడి ఆ చంక కింద ఏదో బరువు వేలాడుతున్నట్టుంది. పోన్లెండి. దర్జీకి కొలతలు చాలు, కారణాలెందుకు?"

చంక కింద తుపాకీ మోసి మోసి దిగిన భుజాన్ని వ్రోనా సరిచేసుకున్నాడు. ఆ గొంతు వెన్న పూసినట్టు మెత్తగా ఉంది. బల్ల వెనక తెల్లకాగితం మీద నల్లటి పొడి సన్నటి గీతలా మెరుస్తోంది. అద్దంలో టీల్ కళ్ళు ఆ కాగితాన్నీ, వ్రోనానీ మార్చి మార్చి చూశాయి. తర్వాత అతను తీరిగ్గా దానిమీద ఒక గుడ్డ పరిచాడు.

గంటలోగా వ్రోనా హాలొరన్ ముందు ఉన్నాడు.

"వాడే 'మావయ్య' అయి ఉండాలి! ఇప్పుడే పట్టుకుందాం సార్."

"వద్దు," అన్నాడు గదిలో ఉన్న మూడో మనిషి. నలిగిన సూటు, నిద్రలేని కళ్ళు. ఆయన డాక్టర్ హైమన్ బ్లోక్. వెస్ట్ స్టాండ్ భౌతికశాస్త్రవేత్తల్లో ఒకరు. "మీరు దర్జీని పట్టుకుంటే, ధూళికి విలువుందని బెర్లిన్‌కి అర్థమైపోతుంది. ఇంకొకణ్ణి పంపిస్తారు. వాళ్ళకి కావలసింది ఒకే ఒక్క సంగతి. మామూలు గ్రాఫైట్‌తో మా పని జరగదు. అతి శుద్ధమైనది కావాలి. ఆ పొడి పరీక్ష చేస్తే ఎంత శుద్ధమైనదో తెలిసిపోతుంది. వాళ్ళ దారి తెరుచుకుంటుంది."

"అయితే ఏం చేద్దామంటారు?"

బ్లోక్ జేబులోంచి మొరటు వెండి ఉంగరం తీశాడు. పైన నల్లరాయి. రాయిని తిప్పితే కింద చిన్న గుంట, అందులో చిటికెడు నల్లపొడి.

"బోరాన్ కలిసిన పొడి. రంగులో తేడా తెలీదు. ఇది కలిస్తే ఎంత మంచి గ్రాఫైటయినా మా పనికి చెత్త కిందే లెక్క. పరీక్ష చేసినవాడు, 'అమెరికావాళ్ళు నిజంగానే పెన్సిళ్ళు చేసుకుంటున్నార్రా' అనుకుని పారేస్తాడు."

"పొడి వెళ్ళాలి," అన్నాడు హాలొరన్ నెమ్మదిగా. "కానీ చెడిపోయి వెళ్ళాలి. దర్జీని ఆ తర్వాత, ధూళి ఊసెత్తకుండా, హత్యకేసులో పట్టుకుందాం. టాడ్, ఆ పియానో పిల్లని కలువు."

*

హోటల్ లాంజ్‌లో సాయంకాలపు వెలుతురు పియానో మీద పడుతోంది. వెరా కెస్ట్లర్ ఆకుపచ్చ పట్టుగౌను వేసుకుంది. నల్లగా దిద్దిన కనుబొమలు. గదిలో మగవాళ్ళంతా పేపర్లు తలకిందులుగా పట్టుకుని ఆమెనే చూస్తున్నారు.

"సరస్సు ఇంకా గడ్డకట్టలేదేంటండీ?" అన్నాడు వ్రోనా, పియానో మీదికి వంగి.

"గాలి ఆగనివ్వాలిగా," అంది ఆమె. కోడ్ సరిపోయింది. వేళ్ళు ఆగలేదు. "కూర్చోండి. మీరలా ఊగుతుంటే నా తాళం తప్పుతోంది."

వ్రోనా బలవంతాన కూర్చున్నాడు.

"బుధవారం మధ్యాహ్నం రైలు," ఆమె నవ్వుతూనే చెప్పింది. "దక్షిణానికి. అక్కణ్ణుంచి మెక్సికో. మోసుకెళ్ళేది నేనే. కనుబొమలకి పెట్టుకునే నల్లరంగు డబ్బాలో సరుకు ఉంటుంది. ముందురోజు హోటల్‌కి పంపిస్తారు."

"పంపగానే నాకో నిమిషం ఇవ్వండి, అందులో చిటికెడు కలుపుతాను. చాలు."

"ఇస్తాను. మీరేం కలుపుతారో అడగను." అకస్మాత్తుగా ఆమె గొంతు మారింది. "నా చెల్లెలు ట్రూడీ జర్మన్ల చేతుల్లో, డాంజిగ్‌లో ఉంది. నేను ఉత్త చేతులతో వెళ్తే అది బతకదు. ఈ సంగతి మీ మేజరుగారు మీకు చెప్పారా?"

"చెప్పలేదు."

"మరి నన్ను ఎలా నమ్ముతున్నారు?"

"నమ్మడం లేదు," అన్నాడు వ్రోనా.

ఆమె మొదటిసారి నిజంగా నవ్వింది. "ఈ ఊళ్ళో నాతో నిజం చెప్పిన మగవాడు మీరొక్కరే."

మంగళవారం వచ్చింది. డబ్బా రాలేదు. వ్రోనా హోటల్ వెనక సందులో సరస్సు గాలికి గడ్డకట్టుకుపోతూ చీకటిపడేదాకా తిరిగాడు. వెరా కిటికీ తెర కదల్లేదు. డబ్బా నిజంగా రాలేదా? లేక వచ్చినా ఆమె చెప్పలేదా?

*

బుధవారం. డిసెంబర్ చలి షికాగోని పళ్ళతో పట్టుకుంది. లాసాల్ స్ట్రీట్ స్టేషన్ గుమ్మంలో ఎర్ర అంగీ, దూదిగడ్డం పెట్టుకున్న ఒక మనిషి క్రిస్మస్ విరాళాలకి గంట మోగిస్తున్నాడు. అది వ్రోనా. బెంచీ మీద హాలొరన్ పేపరు చదువుతున్నాడు.

అదే సమయంలో స్టాగ్ ఫీల్డ్‌లో శాస్త్రవేత్తలంతా ఆ నల్లగుట్ట ముందు గుమిగూడి ఉన్నారని వ్రోనాకి తెలుసు. "ఇవాళే," అన్నాడు పొద్దున బ్లోక్. అంతకుమించి చెప్పలేదు.

వెరా వచ్చింది. విరాళాల డబ్బాలో నాణెం వేస్తూ పెదాలు కదపకుండా అంది: "సరుకు నాకింకా ఇవ్వలేదు. రైలెక్కాక తనే స్వయంగా ఇస్తాడట. పక్క స్టేషన్ ఎంగిల్‌వుడ్ దాకా వస్తున్నాడు."

"ఎవరు?"

"మావయ్య."

వ్రోనా ఉంగరం తీయబోయాడు. ఆమె వెనకే వెండిజుట్టు కనిపించింది. టీల్ టోపీ ఎత్తి, ఆమె మోచేయి పట్టుకుని రైలువైపు నడిపించుకుపోయాడు.

వ్రోనా గంట ఆపేశాడు. బెంచీ పక్కనుంచి పోతూ, "ఎంగిల్‌వుడ్ సార్!" అని గొణిగి పరిగెత్తాడు. అప్పటికే రైలు కదిలింది. అంగీ, గడ్డం పీకి చెత్తడబ్బాలో పడేశాడు. ఆఖరి పెట్టె కమ్మీ చేతికందింది. ఒళ్ళంతా గాల్లో ఊగి మెట్టు మీద పడింది.

కళ్ళజోడు పెట్టుకున్నాడు. మఫ్లర్ ముక్కుదాకా లాక్కున్నాడు. ఒక పెట్టె దాటాడు, రెండోది దాటాడు. పెట్టెల మధ్య ఇరుకు నడవాలోకి అడుగుపెట్టగానే వీపుకి పిస్తోలు గొట్టం తగిలింది.

"మొహం దాచుకున్నావు బాబూ," అంది మెత్తటి గొంతు. "నేను సరిచేసిన ప్యాంటుని ఎలా దాచుకుంటావు? నడుం దగ్గర ఆ కుట్టు నాది."

టీల్ ఎడంచేత్తో అతని చంక కింద రివాల్వర్ లాగేసుకున్నాడు.

"నేను కారణాలు అడగనన్నాను. ఇప్పుడు అడగక్కర్లేదు కూడా. వెరా!"

తలుపు తోసుకుని వెరా వచ్చింది. చేతిలో చిన్న గుండ్రటి డబ్బా. అందులోనే ఉంది అంతా. ఎమెట్ రస్క్ ప్రాణం, లానీవాళ్ళ చెమట, బ్లోక్ నిద్రలేని రాత్రులు.

"వీణ్ణి వెతుకు. చేతులకున్నవి కూడా వదలకు. ఈ అమెరికన్లు బొత్తాల్లో కెమెరాలు పెట్టుకుంటారు."

ఆమె వేళ్ళు జేబుల్లో తిరిగాయి. లైటర్. పెన్ను. ఒక్కొక్కటే టీల్‌కి అందించింది. చివరికి వ్రోనా చెయ్యి పట్టుకుంది. నల్లరాయి ఉంగరాన్ని చూసింది. అతని కళ్ళలోకి చూసింది. ఇవ్వాలా? మడిచిన పిడికిలి విప్పాలా? చెబితే టీల్‌కి తెలిసిపోతుంది. చెప్పకపోతే ఆమెకి తెలీదు. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, అతను ఒక్క క్షణం కదలకుండా నిలబడ్డాడు. తర్వాత వేళ్ళు సడలించాడు. బొటనవేలితో నల్లరాయిని ఒక్క వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ మూసేశాడు.

"వెధవ ఉంగరం," అంది వెరా దాన్ని లాగి తన వేలికి తొడుక్కుంటూ. "ఇది నాకు. కిందటి పుట్టినరోజుకి మీరేమీ ఇవ్వలేదుగా మావయ్యా!"

టీల్ చిరాగ్గా తలాడించాడు. "ఆడబుద్ధి! పో, నీ సీట్లో కూర్చో. మేమిద్దరం దిగుతున్నాం."

బ్రేకులు కీచుమన్నాయి. ఎంగిల్‌వుడ్.

కోటు మడత చాటున పిస్తోలు. వ్రోనా ముందు, టీల్ వెనక, ప్లాట్‌ఫాం మీదికి దిగారు. ఆవిరి మేఘంలోంచి రైల్వే టోపీ పెట్టుకున్న హాలొరన్ రొప్పుతూ ఎదురొచ్చాడు. టాక్సీవాడు రెడ్ లైట్లన్నీ దాటేసినట్టున్నాడు.

"ఎర్విన్ టీల్? ఎమెట్ రస్క్ హత్యకేసులో..."

టీల్ మణికట్టు బిగిసింది. వ్రోనా వెనక్కి తిరగలేదు. ఉన్నపాటున వెనక్కే పడ్డాడు, దర్జీ మీద తన బరువంతా వేసి. పిస్తోలు పేలింది. గుండు అతని ప్యాంటు కాలుని చీల్చుకుంటూ ప్లాట్‌ఫాం చెక్కలోకి దిగింది. హాలొరన్ మనుషులు ముగ్గురు మీదపడి టీల్‌ని బోర్లా అదిమేశారు.

"డబ్బా సంగతి?" అడిగాడు హాలొరన్.

వ్రోనా తలెత్తాడు. రైలు కదులుతోంది. కిటికీ అద్దం వెనక వెరా డబ్బా మూత తీసింది. ఏమీ చెయ్యలేదు. కిటికీ ముందుకి జరిగింది. వ్రోనా దానితోపాటు నడిచాడు, తర్వాత పరిగెత్తాడు. ప్లాట్‌ఫాం అయిపోవస్తోంది. అప్పుడు ఆమె అతనికేసి చూడకుండా ఉంగరం రాయిని పక్కకి తిప్పి, డబ్బా మీద బోర్లించి, గోటితో రెండుసార్లు తట్టింది. కుంచెతో బాగా కలిపింది. ఆ కుంచెతోనే ఎడమ కనుబొమని తీరిగ్గా దిద్దుకుంది.

రైలు వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫాం చివర వ్రోనా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. ట్రూడీ బతుకుతుంది, అనుకున్నాడు. బతకాలి.

*

స్టాగ్ ఫీల్డ్ గోడల బయట పొద్దు వాలుతోంది. గేటు దగ్గర లానీ చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇవాళ కూలీలెవర్నీ లోపలికి రానివ్వలేదట. ఇంటికీ వెళ్ళబుద్ధి కాలేదట.

"ఏరా స్టాన్! ప్యాంటు చిరిగిందేం?"

"లానీ అన్నా, ఎమెట్‌ని చంపినవాడు దొరికాడు."

లానీ నల్లటి అరచేత్తో మొహం తుడుచుకుని, "మంచి మాట చెప్పావు తమ్ముడూ," అని మెల్లగా నడిచి వెళ్ళిపోయాడు.

బొచ్చు కోటు కాపలావాడు హాలొరన్ కార్డు చూసి దారిచ్చాడు. లోపల అరుపుల్లేవు, చప్పట్లూ లేవు. కాగితపు కప్పుల్లో ఇంతింత ఇటాలియన్ వైను పట్టుకుని, ఏదో పెద్ద శబ్దం వినపడి ఆగిపోయినవాళ్ళలా నిలబడి ఉన్నారు. బ్లోక్ తన కప్పుని వ్రోనా చేతిలో పెట్టాడు.

"మీ పని అయిందా?" అన్నాడు బ్లోక్.

"అయింది. మీ పని?"

"అయింది."

"ఏమైంది డాక్టరుగారూ? నాకేం కనబడలేదే!"

"కనబడదు. వినబడదు. లోపల పరమాణువులు ఒకదాని వెంట ఒకటి గొలుసుకట్టుగా పగిలాయి, మేం ఆపినప్పుడు ఆగాయి. పుట్టిన వేడితో ఒక దీపం కూడా వెలగదు." బ్లోక్ ఆ నల్లగుట్టకేసి చూశాడు. ఆ చూపులో సంతోషమూ ఉంది, భయమూ ఉంది. "కానీ ఇకమీదట ప్రపంచం నిన్నటిలా ఉండదు."

వ్రోనా ఒక గుక్క తాగాడు. కూర్చోమని ఎవరో స్టూలు జరిపారు. కూర్చోలేదు. గోడ దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.

"సార్, రిపోర్టులో ఏం రాయమంటారు?"

హాలొరన్ ఆలోచించాడు.

"ఏమీ జరగలేదని రాయి. పైన 'పరమ రహస్యం' ముద్ర వెయ్యి."